అపోహలు - వాస్తవాలు: డ్రైవర్ ఒప్పుకున్నంత మాత్రాన మాడ్యూల్ మంచిదైపోదు

సర్వర్‌ని 10 గిగాబిట్ల నెట్‌వర్క్‌కి కలిపే ఇంటెల్ ఎక్స్520 కార్డులో వేరే కంపెనీ ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ మాడ్యూల్ (కేబుల్ తగిలించడానికి పోర్టులో దూర్చే చిన్న పరికరం) పెట్టి, "పోర్టే కనిపించట్లేదండీ, కార్డు పోయిందా?" అని కంగారుగా ఫోన్ చేసేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. కార్డు పోలేదు. ఆ మాడ్యూల్ తనకు సమ్మతం కాదని, లైనక్స్‌లో ఈ కార్డును నడిపే ఐఎక్స్‌జీబీఈ డ్రైవర్ ఆగిపోయింది, అంతే. ఆ సంగతి కెర్నల్ లాగ్‌లోనే (సిస్టమ్ తన సంగతులు రాసుకునే చిట్టాలోనే) ఉంటుంది. కొత్త కార్డు ఆర్డర్ పెట్టేముందు అది చదవండి.

అపోహ: డ్రైవర్‌లోని "అలౌ అన్‌సపోర్టెడ్ ఎస్‌ఎఫ్‌పీ" సెట్టింగ్‌కి 1 ఇచ్చాం (అంటే ఆన్ చేశాం), ఇక మాడ్యూల్ సపోర్టెడ్ అయినట్టే.

డబ్బూ నిద్రా ఎక్కువగా పోగొట్టేది ఇదే. మాడ్యూల్ చిప్‌లో ఉన్న తయారీదారు కోడ్ ఇంటెల్‌ది కాకపోయినా డ్రైవర్ చూసీచూడనట్టు వదిలేసి, లాగ్‌లో ఒక హెచ్చరిక రాస్తుంది. ఆ సెట్టింగ్ చేసేది అంతే. టీసీ పట్టుకోనంత మాత్రాన టికెట్ కొన్నట్టు కాదు కదా! ఇవతల 850 నానోమీటర్ల కాంతితో నడిచే ఎస్‌ఆర్ (తక్కువ దూరపు ఫైబర్ మాడ్యూల్), అవతల 1310 నానోమీటర్ల ఎల్‌ఆర్ (ఎక్కువ దూరపుది) పెట్టేసి డ్రైవర్‌లో బగ్ ఉందంటే ఎవరేం చేస్తారు?

నన్ను ఎక్కువగా భయపెట్టేవి మామూలు నెట్‌వర్క్ కేబుల్ తగిలించే ఆర్‌జే45 రాగి మాడ్యూళ్లు. చాలావాటి చిప్‌లో తాము ఎస్‌ఆర్ అని అబద్ధం రాసి ఉంటుంది. ఎందుకంటే తనకు తెలిసిన రకమేదీ రాసి లేకపోతే 1 ఇచ్చినా డ్రైవర్ తీసుకోదు. ఎస్‌ఆర్ మాడ్యూల్ సుమారు 1 వాట్‌తో సరిపెట్టుకుంటుంది. ఈ రాగివి 10 గిగాబిట్ల దగ్గర 2 వాట్లు దాటేసి వేడెక్కుతాయి. ఒక కేబుల్ ఆపరేటర్ గారి దగ్గర రోజూ మధ్యాహ్నం లింక్ పడిపోయేది. స్విచ్ మార్చారు, కేబుల్ మార్చారు, చివరికి సర్వర్‌ని కూడా అనుమానించారు. గాలి ఆడని క్యాబినెట్‌లో చెయ్యి పెట్టి చూస్తే మాడ్యూల్ చురుక్కుమంది. రెండు పరికరాలూ ఒకే ర్యాక్‌లో ఉన్నాయి కాబట్టి డీఏసీ కేబుల్ (రెండు చివరలా మాడ్యూల్ అతికించే వచ్చే పొట్టి రాగి కేబుల్) వేయించాను. ప్రమాణాలకు తగ్గ పాసివ్ డీఏసీలను ఈ కార్డు మామూలుగానే తీసుకుంటుంది, సెట్టింగ్‌తో పనే లేదు.

అపోహ: ఒకసారి పనిచేస్తే ఇక ఎప్పటికీ పనిచేస్తుంది.

కమాండ్‌లో ఇచ్చిన ఆప్షన్ రీబూట్‌తో పోతుంది. డ్రైవర్ల ఆప్షన్లు ఉండే మోడ్‌ప్రోబ్ కాన్ఫిగ్ ఫైల్‌లో రాసి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను (బూట్ మొదట్లో లోడ్ అయ్యే ఫైళ్ల మూటను) మళ్లీ తయారు చేయాలి. లేకపోతే కెర్నల్ అప్‌డేట్ చేసిన రాత్రే పోర్ట్ మాయమవుతుంది. అదే పోర్ట్ మీదుగా లాగిన్ అయ్యి డ్రైవర్‌ని దించకండి బాబూ, నెట్‌వర్క్‌తో పనిలేకుండా సర్వర్‌ని నేరుగా చూసే కన్సోల్ దగ్గరుంచుకోండి.

అపోహ: హెచ్చరిక వచ్చిందంటే ఏదో కాలిపోతోంది.

టెన్షన్ వద్దు. డ్రైవర్ లోడ్ అయి ఆ మాడ్యూల్‌ని చూసినప్పుడల్లా అది వస్తుంది. ఈథ్‌టూల్ అనే కమాండ్‌తో మాడ్యూల్ ఉష్ణోగ్రత, అందుతున్న కాంతి, సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో చెడిపోయిన డేటా లెక్క) చూడండి. ఉష్ణోగ్రత, కాంతి హద్దుల్లో ఉండి ఎర్రర్లు పెరగకపోతే హాయిగా పడుకోండి.

అపోహ: కార్డు ఈప్రామ్‌లో (కార్డు తన సెట్టింగులు దాచుకునే మెమరీ చిప్‌లో) ఒక బిట్ మారిస్తే శాశ్వత పరిష్కారం.

అలాంటి బిట్ ఉన్నమాట నిజమే. నడుస్తున్న సర్వర్‌లో మాత్రం ముట్టుకోకండి. కాన్ఫిగ్‌లో తప్పు లైన్ రాస్తే చెరిపేసుకోవచ్చు, ఈప్రామ్‌లో తప్పుచోట రాస్తే మళ్లీ బూట్ చేసినప్పుడు కార్డే కనిపించకపోవచ్చు.