లైకులు వేరు, పని వేరు: తెలుగు ఫ్రీలాన్స్ రైటర్లకు సోషల్ మీడియా గురించి అపోహలు - వాస్తవాలు

ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదాలు, ప్రకటనల కాపీ (అంటే ప్రకటనల్లో వచ్చే రాత), సబ్‌టైటిళ్లు... నా ఇల్లు గడిచేది వీటి మీదే. ఉద్యోగం కాదు, ఫ్రీలాన్స్. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు రేట్ల గురించి అడుగుతారనుకుంటాను. కానీ ఎక్కువమంది ముందు అడిగేది "సోషల్ మీడియాలో ఎలా కనిపించాలండీ?" అనే. ఆ ప్రశ్న వెనక కొన్ని గట్టి నమ్మకాలుంటాయి. కొన్ని సగం నిజాలు, కొన్ని పూర్తిగా తప్పు. కథలు, కవితలు రాసి పేరు తెచ్చుకోవడం గురించి కాదు నేను చెప్పేది. రాత మీద నెల గడవాల్సిన వాళ్ల సంగతి.

అపోహ: ఫాలోవర్లు ఎంతమంది ఉంటే అంత పని వస్తుంది

ఫేస్‌బుక్‌లో 5,000 మంది ఫ్రెండ్స్ నిండిపోయి, రెండో ఖాతా తెరిచిన రచయితలు మనలో చాలామందే ఉన్నారు. పోస్టు పెడితే వందల్లో లైకులు వస్తాయి. నెలాఖరుకు ఇన్వాయిస్ పంపుదామంటే మాత్రం ఎవరికి పంపాలో తెలీదు. ఎందుకంటే మన రాతను మెచ్చుకునేవాళ్లు పాఠకులు. పని ఇచ్చేవాళ్లు వేరే. అనువాద ఏజెన్సీలో వెండర్ మేనేజర్ (బయటి ఫ్రీలాన్సర్లను వెతికి పెట్టుకునే మనిషి), యాడ్ ఏజెన్సీలో కాపీ చూసే మనిషి, ఓటీటీలకు సబ్‌టైటిళ్లు చేయించే కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజర్. వీళ్లు ముంబయిలోనో, పుణెలోనో, బెంగళూరులోనో, అసలు దేశం బయటో ఉంటారు. చాలామందికి తెలుగు చదవడమే రాదు. మీ పోస్టు కింద "అద్భుతం మేడమ్" అని నూరు కామెంట్లున్నా అవేంటో వాళ్లకు తెలీదు.

మరి తెలుగు రాని మనిషి తెలుగు రైటర్‌ను ఎలా ఎంచుకుంటాడు? తనతో ఇప్పటికే పనిచేస్తున్నవాళ్లను "తెలుగుకు ఎవరైనా తెలుసా?" అని అడుగుతాడు. అప్పుడు మీ పేరు ఎవరి నోటికైనా వస్తుందా రాదా అన్నదే అసలు విషయం. మీకు ఎందరు పాఠకులున్నారన్నది అక్కడ లెక్కలోకి రాదు. మీ పని తెలిసిన తోటివాళ్లు ఎందరున్నారన్నదే వస్తుంది.

ఇందులో కొత్త సంగతేమీ లేదు. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రనోవెటర్ 1973లోనే దీని గురించి రాశాడు. బోస్టన్ దగ్గర్లో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను "ఆ తెలిసిన మనిషిని మీరు ఎంత తరచుగా కలిసేవారు?" అని అడిగాడు. తరచూ కలిసేవాళ్లమని చెప్పింది 16.7 శాతమే. 55.6 శాతం మంది అప్పుడప్పుడూ అన్నారు, 27.8 శాతం మంది ఎప్పుడో అరుదుగా అన్నారు. దగ్గరి స్నేహితులకు తెలిసిన కబుర్లు మనకూ ముందే తెలిసి ఉంటాయి కదా. ఎప్పుడో పలకరించుకునే మనిషికే మనకు తెలియని పని ఒకటి తెలుస్తుంది. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన మరో అధ్యయనం, లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మందికి పైగా సభ్యుల మీద ఐదేళ్లపాటు చేసిన ప్రయోగాలను చూసి దీన్ని కాస్త సరిచేసింది. ఓ మోస్తరు పరిచయాలు బాగా అక్కరకొస్తాయట, మరీ ముఖపరిచయమైతే అంత కాదట. ఇవి రెండూ ఉద్యోగాల లెక్కలే, నిజమే. ఫ్రీలాన్స్‌లో నేను చూసింది కూడా ఇంచుమించు ఇదే.

అపోహ: తోటి రైటర్లు మనకు పోటీ, వాళ్లతో ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. అనువాద సేవలకు ఐఎస్ఓ 17100 అని 2015లో వచ్చిన ఒక ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఒకరు చేసిన అనువాదాన్ని, ఆ చేసినవాళ్లు కాకుండా మరొకరు మూలంతో పోల్చి చూడాలి. అంటే దీన్ని పాటించే ఏజెన్సీలో ప్రతి తెలుగు పనికీ కనీసం ఇద్దరు తెలుగువాళ్లు కావాలి. మొదటిదానికి మిమ్మల్ని తీసుకుంటే, రెండోవారి పేరు ఎవరిని అడుగుతారు? మిమ్మల్నే.

దానికితోడు పని సమానంగా రాదు. ఉగాది, దసరా, దీపావళి ముందు ప్రకటనల కాపీ అంతా ఒకేసారి మీద పడుతుంది. ఎన్నికలొస్తే ఇక చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో చేతినిండా పని ఉన్న రైటరు క్లయింటుకు "కుదరదు" అని చెప్పి వదిలేయడు. "నేను చేయలేను గానీ ఫలానా ఆమె బాగా చేస్తుంది" అంటాడు. అలా అనడం వల్ల అతని మర్యాద కూడా నిలబడుతుంది. అతను చెప్పే పేరు మీదై ఉండాలంటే మీరు ఏం చేస్తారో అతనికి ముందే తెలిసి ఉండాలి.

ఇంకో మాట, చాలామందికి తట్టనిది. తెలుగు రైటర్ల కన్నా కన్నడ, తమిళ, మలయాళ, మరాఠీ ఫ్రీలాన్సర్ల పరిచయం ఎక్కువ పని తెస్తుంది. ఒక బ్యాంకు యాప్‌ను భారతీయ భాషల్లోకి తేవాలంటే ఒక్క తెలుగులోకి తెచ్చి ఆపరు కదా. ఆ ప్రాజెక్టులో కన్నడం చేస్తున్న అమ్మాయిని మేనేజర్ అడుగుతాడు, తెలుగుకు ఎవరున్నారని. ఆమె మీతో ఏ రకంగానూ పోటీలో లేదు, కాబట్టి మీ పేరు చెప్పడానికి వెనకాడదు. మీరూ ఆమె పేరు అంతే తేలిగ్గా చెప్పగలరు. లింక్డ్‌ఇన్‌లో ఇలాంటివాళ్లను వెతికి, వాళ్లు పదకోశాల గురించో, ఆలస్యంగా వచ్చే పేమెంట్ల గురించో రాసినప్పుడు మీకు తెలిసిన ముక్క ఒకటి కామెంటులో పెట్టండి. "నైస్ పోస్ట్" లెక్కలోకి రాదు.

అపోహ: లింక్డ్‌ఇన్ సాఫ్ట్‌వేర్ వాళ్లకు, తెలుగు రైటర్లకు ఫేస్‌బుక్ చాలు

తెలుగు సాహిత్య లోకం ఫేస్‌బుక్‌లో ఉందన్న మాట నిజం. పత్రికల ఎడిటర్లు, చిన్న ప్రచురణకర్తలు, ఆడియో కథలు చేయించేవాళ్లు అక్కడే దొరుకుతారు. దాన్ని వదులుకోమని నేను అనను. కానీ కార్పొరేట్ పని ఇచ్చేవాళ్లు వెతికేది లింక్డ్‌ఇన్‌లో, అదీ ఇంగ్లిష్ మాటలతో. లింక్డ్‌ఇన్ ఇంటర్‌ఫేస్ ఇప్పుడు తెలుగులోనూ దొరుకుతోంది, సంతోషం. అయినా వెతికే వెండర్ మేనేజర్ సెర్చ్ పెట్టెలో కొట్టేది 'ఇంగ్లిష్ టు తెలుగు ట్రాన్స్‌లేటర్', 'తెలుగు కాపీరైటర్', 'తెలుగు సబ్‌టైట్లర్', 'తెలుగు లింగ్విస్ట్' లాంటి మాటలే, రోమన్ లిపిలో.

కాబట్టి పేరు కింద వచ్చే హెడ్‌లైన్‌లో ఆ మాటలుండాలి. దానికి 220 అక్షరాల చోటుంది. అందులో 'అక్షర ప్రేమికుడు', 'డ్రీమర్', 'భావుకుడు' అని రాసుకుంటే ఆ వెతుకులాటలో మీరు తగలరు. ఏ భాష నుంచి ఏ భాషలోకి, ఏ రకం పని, ఏ రంగం... బ్యాంకింగా, వైద్యమా, ఈ-కామర్సా... ఏ అనువాద సాఫ్ట్‌వేర్ వచ్చు, ఇవి చాలు. మెషిన్ చేసిన అనువాదాన్ని సరిదిద్దే పని కూడా చేస్తామంటే ఆ సంగతీ రాయండి. దాన్ని చిన్నచూపు చూసేవాళ్లున్నారు, నాకూ పెద్ద ఇష్టం లేదు, కానీ ఇప్పుడు చాలా ఏజెన్సీలు ముందు ఇస్తానంటున్నది అదే.

అపోహ: తెలియనివాళ్లకు మెసేజ్ పెడితే చులకనైపోతాం

చులకన చేసేది మెసేజ్ పెట్టడం కాదు, పెట్టే తీరు. "హాయ్ సార్" అని పెట్టి జవాబు కోసం కూర్చోవడం, "ఏదైనా వర్క్ ఉంటే చెప్పండి సార్, ఏదైనా చేస్తాను" అనడం... వీటికి నేను కూడా జవాబివ్వను. ఏదైనా చేస్తానన్న మనిషికి ఏ పని చెప్పాలో అవతలివాళ్లకు తోచదు. లింక్డ్‌ఇన్‌లో ఉచిత ఖాతా ఉన్నవాళ్లకు రిక్వెస్టుతో పాటు నోటు రాసే అవకాశం నెలకు కొన్నిసార్లే. దాన్ని "హాయ్"కి ఖర్చు చేయొద్దు. ఇలా రాయొచ్చు:

"నమస్తే మేడమ్. నేను ఇంగ్లిష్-తెలుగు అనువాదకురాలిని. ఎక్కువగా బ్యాంకింగ్, ఇన్సూరెన్స్ యాప్‌ల పని చేస్తాను. మీ టీమ్‌కు తెలుగు లింగ్విస్టులు కావాలని మీ పోస్టులో చూశాను. రోజుకు 2,000 పదాల వరకు చేయగలను. చిన్న టెస్టుకు సిద్ధం."

తెలుగువారైతే తెలుగులో, కానివారైతే ఇదే ముక్క ఇంగ్లిష్‌లో. జవాబు రాకపోతే వారం పది రోజులకు ఒకసారి గుర్తు చేసి ఊరుకోండి. టెస్టు అంటారా, రెండు మూడు వందల పదాల దాకా మామూలే. రెండు వేల పదాల 'టెస్టు' పంపారంటే అది టెస్టు కాదు, ఊరికే పని చేయించుకోవడం.

అపోహ: రోజూ పోస్టు పెట్టాలి

అక్కర్లేదు. రోజూ పోస్టులు పెట్టేవాళ్లకు పని లేదేమో అనిపిస్తుంది నాకైతే. ఎప్పుడు పెట్టినా పనికి సంబంధించిన ఒక గట్టి విషయం ఉంటే చాలు.

అపోహ: రాసినవన్నీ వాల్ మీద పెడితే అదే మన పోర్ట్‌ఫోలియో

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది కథలు రాసేవాళ్లకు. మన పత్రికలు, కథల పోటీల వాళ్లు హామీపత్రం అడుగుతారు. కథ సొంతమని, అనువాదమో అనుసరణో కాదని, ఎక్కడా ప్రచురణ కాలేదని, మరో పత్రిక పరిశీలనలో లేదని రాసి సంతకం పెట్టాలి. ఆ 'ఎక్కడా'లో ఫేస్‌బుక్, బ్లాగు, వాట్సాప్ గ్రూపు కూడా ఉంటాయని ఇప్పుడు చాలామంది విడిగా రాస్తున్నారు. "ఫ్రెండ్స్‌కే కనిపించేలా పెట్టానండీ" అంటే ఒప్పుకోరు. పంపాలనుకున్న కథలోంచి ఒక్క పేరా కూడా బయట పెట్టకుండా ఉండటం మేలు.

రెండోది క్లయింట్ల పని. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసింది మామూలుగా యజమానిది. ఫ్రీలాన్సర్ రాసినదానికి, ఒప్పందంలో వేరేగా లేకపోతే, రాసినవారే మొదటి హక్కుదారు. హక్కులు రాసివ్వాలంటే లిఖితపూర్వకంగా, సంతకంతో ఉండాలి. వినడానికి బాగుంది కదా? కానీ ఏజెన్సీలు మొదటి రోజే సంతకం పెట్టించుకునే కాగితంలో హక్కులన్నీ వాళ్లకు ఇచ్చేసినట్టు, ప్రాజెక్టు సంగతి బయట చెప్పనట్టు ఉంటుంది. అలాంటప్పుడు ఇంకా విడుదల కాని సిరీస్ సబ్‌టైటిళ్ల స్క్రీన్‌షాట్ పెట్టి "నా కొత్త ప్రాజెక్ట్!" అని మురిసిపోతే ఆ క్లయింటు మళ్లీ పిలవడు. పిలవకపోవడంతోనే ఆగితే అదృష్టం, నోటీసు పంపితే టెన్షన్. దీనికి మార్గం తేలికే. ప్రభుత్వ కరపత్రమో, కాపీరైట్ తీరిన పాత వ్యాసమో తీసుకుని, నమూనా కోసమే సొంతంగా అనువదించి పెట్టుకోండి. మూలం ఒక పక్క, అనువాదం ఒక పక్క. తెలుగు రాని మేనేజర్ దాన్ని తన తెలుగు రివ్యూయర్‌కు పంపి అభిప్రాయం అడుగుతాడు.

రాజకీయాలు మాట్లాడొచ్చా అని కూడా అడుగుతుంటారు. మీ అభిప్రాయం మీ ఇష్టం. క్లయింటును పేరు పెట్టి తిడితే మాత్రం, దాన్ని ఇంకో క్లయింటు కూడా చదువుతాడు.

అపోహ: మెసేజ్‌లో మాట అయిపోతే పని ఖాయమైనట్టే

పరిచయం అక్కడ మొదలవ్వాలి గానీ, బేరం ఈమెయిల్లోకి రావాలి. ఎన్ని పదాలు, రేటు ఎంత, గడువు ఎప్పుడు, సవరణలు ఎన్నిసార్లు, డబ్బు ఎన్ని రోజుల్లో. పదాల లెక్క మూలపాఠానిదని తప్పక రాయించుకోండి. ఇంగ్లిష్‌లో వెయ్యి పదాలు తెలుగులోకి వచ్చేసరికి బాగా తగ్గుతాయి, మన విభక్తులన్నీ మాటకే అతుక్కుంటాయి కాబట్టి. తెలుగు పదాల మీద లెక్క కడితే నష్టం మనకే.

వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే 'ఇంటి దగ్గరే తెలుగు టైపింగ్, అనువాదం' ప్రకటనల్లో చాలా మోసాలున్నాయి. రిజిస్ట్రేషన్ ఫీజు అడగడం పాత పద్ధతి. ఒప్పందం మీద సంతకం చేయించుకుని, పని పూర్తయ్యాక తప్పులున్నాయని చెప్పి, లాయర్ నోటీసు పేరుతో బెదిరించి డబ్బు గుంజడం ఇంకో పద్ధతి. నిజమైన కంపెనీ పాన్ నంబరు అడుగుతుంది, టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తుంది, డబ్బు ఆలస్యంగా కూడా ఇస్తుంది. మిమ్మల్ని డబ్బు కట్టమని మాత్రం అడగదు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

అనువాదకులకు ప్రత్యేకంగా ఇంకో బెడద ఉంది. గ్రూపుల్లో పెట్టిన రెజ్యూమెలను దించుకుని, పేరు, అనుభవం అలాగే ఉంచి ఈమెయిల్ మాత్రం మార్చి, ఏజెన్సీలకు పంపి పని తెచ్చుకునే ముఠాలున్నాయి. ఆ పని మెషిన్‌తో చేయించి పారేస్తారు, చెడ్డపేరు మీకు వస్తుంది. అందుకే రెజ్యూమెను గ్రూపులో పడేయకండి, అడిగిన మనిషి ఎవరో చూసుకుని విడిగా పంపండి. మీ అసలు ఈమెయిల్ ఏదో లింక్డ్‌ఇన్ ప్రొఫైల్లో కనిపించేలా ఉంచితే, అనుమానం వచ్చిన ఏజెన్సీ అక్కడ సరిచూసుకుంటుంది.