ఒత్తిడి దిగడానికి ఎంతసేపు పడుతుంది?

ఎదురుగా బండి దూసుకొస్తే గుండె దడదడలాడుతుంది. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు క్షణాల్లో వదిలే అడ్రినలిన్ పని అది. బండి దాటిపోతే కొద్ది నిమిషాల్లో సద్దుమణుగుతుంది.

రెండో హార్మోన్ కార్టిసాల్ నిదానమైనది. మెదడులోని హైపోథలామస్ అనే భాగం దాని కిందే ఉండే పిట్యూటరీ గ్రంథికి, పిట్యూటరీ అడ్రినల్ గ్రంథులకు కబురు పంపాకే అది ఊరుతుంది. తారస్థాయికి చేరడానికి 20 నుంచి 30 నిమిషాలు, మళ్ళీ మామూలుకు రావడానికి గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. గొడవ అయిపోయిన అరగంటకూ చిరాకు తగ్గలేదంటే మీ మనసు బలహీనమని కాదు. అప్పటిదాకా ఘాటైన జవాబులు, పెద్ద నిర్ణయాలు ఆపుకోండి, చాలు.

రక్తంలో కార్టిసాల్ పెరిగితే మెదడే పసిగట్టి దాని తయారీని తగ్గిస్తుంది. కానీ అప్పు, మంచాన పడ్డ మనిషి సేవ బండిలా దాటిపోయేవి కావు. తలుచుకున్నప్పుడల్లా కథ మొదటికొస్తుంది. నెలల తరబడి ఇలా సాగితే నిద్ర చెడుతుంది, రక్తపోటు పెరగవచ్చు, రోగనిరోధక శక్తి తగ్గుతుంది. శరీరంలో పేరుకునే ఈ అరుగుదలకు శాస్త్రవేత్తలు బ్రూస్ మెక్‌యూవెన్, ఎలియట్ స్టెల్లర్ 1993లో ‘అలోస్టాటిక్ లోడ్’ అని పేరు పెట్టారు.

అప్పటికప్పుడు మన చేతిలో ఉండేది ఊపిరి. గాలి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్ళే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. అందుకని ముక్కుతో 4 సెకన్లు పీల్చి, 6 సెకన్లు వదలండి. నిమిషానికి 6 శ్వాసల చొప్పున 5 నిమిషాలు. చాలామంది ఇక్కడే పొరపడతారు: గుండెల నిండా, గబగబా పీలుస్తారు. దాంతో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, కంగారు రెట్టింపవుతుంది. పొట్ట కాస్త లేచేంత పీలిస్తే సరిపోతుంది. కుదురుగా ఉన్నప్పుడు రోజూ సాధన చేస్తేనే భయం ముంచుకొచ్చిన వేళ అక్కరకొస్తుంది.

అయితే ఊపిరితో అప్పు తీరదు. సాయంత్రం 15 నిమిషాలు కూర్చుని బెంగలన్నీ కాగితం మీద పెట్టండి. మన చేతిలో ఉన్నవాటి పక్కన రేపు చేయాల్సిన ఒక్క పని, దాని వేళ రాయండి. పడుకునే ముందు మాత్రం ఈ రాత పని పెట్టుకోవద్దు. కాఫీలోని కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుంది కాబట్టి మధ్యాహ్నం దాటాక కాఫీ మానేయండి. వారానికి మొత్తం 150 నిమిషాల చురుకైన నడక నిద్రకూ, రక్తపోటుకూ మేలు.

రెండు వారాలుగా నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా డాక్టర్ని కలవాలి. చనిపోవాలనిపిస్తే ఆ రోజే వెళ్ళాలి, ఒంటరిగా ఉండకూడదు. ఛాతీ నొప్పిని మాత్రం ‘ఒత్తిడేలే’ అని సరిపెట్టుకోకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్ళండి.