విచారణా? మఠమా? ఒక పిలుపు వెనక పదిహేడు వందల ఏళ్లు

మా అక్క కొడుకు డిగ్రీ పూర్తి చేశాడు. ఫాతిమానగర్ కెథెడ్రల్‌లో సాయంత్రం పూజ అయిపోయి జనమంతా వెళ్లిపోయినా వాడు చివరి బెంచీలో ఇంకో గంట కూర్చుంటాడు. ఫ్యాన్లు ఆపేసినా లేవడు. మొన్న ఇంట్లో నోరు విప్పాడు. "ఫాదర్ కావాలని ఉంది మామా. కాని విచారణ ఫాదర్‌గానా, మఠంలకు పోవాల్నా అన్నది తేలుతలేదు." (విచారణ అంటే ఒక ఫాదర్ కింద ఉండే ఊళ్లు, అంటే పారిష్.) పక్కన బియ్యం ఏరుతున్న మా అక్క చేట కింద పెట్టింది. "ఫాదర్‌వైతే నలుగురికి అక్కరకొస్తవ్ బిడ్డా. గా మఠంల తలుపేసుకొని కూసుంటే ఎవలికేం వస్తది?" అంది.

అక్క అడిగింది తేలిగ్గా తీసెయ్యాల్సిన మాట కాదు. శ్రీసభలో (కథోలిక సంఘంలో) పెద్దపెద్దవాళ్లు కూడా అదే మాట అడుగుతూ వచ్చారు. కాని ఈ ప్రశ్న మన ఓరుగల్లు ప్రాంతంలో ఇంత బలంగా వినిపించడానికి వేరే కారణం ఉంది. అది తెలియకుండా పిల్లలు ఇటో అటో తేల్చుకుంటున్నారనే ఇది రాస్తున్నాను.

ముందు తేడా ఏమిటో చూద్దాం. మన విచారణల్లో కనిపించే గురువు, అంటే ఫాదర్, ఒక మేత్రాసనానికి (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతానికి) చెందినవాడు. బ్రహ్మచర్యం పాటిస్తానని, బిషప్‌కు విధేయుడిగా ఉంటానని మాట ఇస్తాడు. పేదరిక వ్రతం చెయ్యడు. నిరాడంబరంగా బతకాలి గాని, పేరు మీద నాలుగు గుంటల భూమి ఉన్నా తప్పు లేదు. మఠవాసి పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడింటినీ వ్రతాలుగా తీసుకుంటాడు. అందులోనూ ధ్యానజీవన మఠాలది ఇంకో దారి. ట్రాపిస్టులు, కార్తూసియన్ల వంటివారు బడి నడపరు, విచారణ చూడరు. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా కీర్తనలు, మౌనం, చేతిపని, అంతే. కార్మెల్ మఠకన్యల జీవితమూ ఇలాంటిదే.

మన దగ్గర జరిగే పొరపాటు ఏమిటంటే, ఈ రెంటినీ ఒకే కొలువులోని రెండు పోస్టుల్లాగా చూస్తాం. మొదట్లో ఇవి రెండూ పూర్తిగా వేరు. మూడో శతాబ్దం చివర్లో ఈజిప్టు ఎడారిలోకి వెళ్లిపోయిన అంతోని (మనం నొవేనా ప్రార్థనలు చేసే పాదువా అంతోనివారు కాదు, ఆయనకు తొమ్మిది వందల ఏళ్ల ముందువారు) గురువు కాదు. ఆయన వెంట వెళ్లినవాళ్లలో చాలామంది కూడా గురువులు కారు. పైగా గురుపట్టం (గురువుగా అభిషేకం) అంటే వాళ్లకు భయం. సన్యాసి అన్నవాడు స్త్రీలకు ఎంత దూరం ఉండాలో బిషప్పులకూ అంత దూరం ఉండాలని ఆ పెద్దలు చెప్పిన మాటను అయిదో శతాబ్దం మొదట్లో జాన్ కాసియన్ అనే సన్యాసి రాసి పెట్టాడు. బిషప్ కంట పడితే పట్టుకొని గురువును చేసేస్తాడని వాళ్ల బెంగ!

ఆరో శతాబ్దంలో బెనెడిక్ట్ మఠాల కోసం రాసిన నియమావళిలో అరవయ్యో అధ్యాయం మొత్తం దీని గురించే. ఒక గురువు వచ్చి మఠంలో చేర్చుకోమంటే వెంటనే ఒప్పుకోవద్దంటాడు. పట్టుబట్టి అడిగితే చేర్చుకోండి, కాని గురువునన్న కారణంగా ఏ నియమంలోనూ సడలింపు దొరకదని ముందే చెప్పండి అంటాడు. దివిటీ పట్టుకొని వెతికినా ఇంతకంటే సూటి సలహా దొరకదు. మఠానికి పూజ చెప్పే మనిషి కావాలంటే సన్యాసుల్లోంచే తగినవాణ్ణి ఎంచుకొమ్మని అరవై రెండో అధ్యాయంలో చెప్పాడు.

మధ్యయుగాల్లో ఈ గీత చెరిగిపోయింది. చనిపోయినవారి కోసం పూజలు పెట్టించేవాళ్లు పెరిగారు, మఠాల్లో గురుపట్టం పొందేవాళ్లూ పెరిగారు. అప్పటి నుంచే జనం కంటికి సన్యాసి అంటే గురువు, గురువు అంటే సన్యాసి అయిపోయింది. ఇంకోపక్క విచారణల్లో ఉండే గురువులకు సరైన చదువే లేకపోయింది. శ్రీసభ బిషప్పుల ట్రెంట్ మహాసభ 1563లో ప్రతి మేత్రాసనమూ గురువిద్యాలయం పెట్టాలని ఆజ్ఞాపించాకే విచారణ గురువుకంటూ ఒక తర్ఫీదు, ఒక రూపం ఏర్పడ్డాయి. ఈనాటి సెమినరీలన్నీ ఆ ఆజ్ఞ నుంచి పుట్టినవే.

ఇక మన దగ్గరికి వద్దాం. ఓరుగల్లు మేత్రాసనం 1952లో హైదరాబాద్ నుంచి విడిపోయి ఏర్పడింది. తొలి బిషప్ అల్ఫోన్సో బెరెట్టా ఇటలీ మనిషి, పీమే అనే మిషన్ గురువుల సంస్థ సభ్యుడు. 1850లో మిలాన్‌లో పుట్టిన ఈ సంస్థ గురువులు ఆ దశాబ్దంలోనే నిజాం రాజ్యానికి వచ్చారు. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. పీమే మఠవాసుల సభ కాదు. వాళ్లు వ్రతాలు చేసిన సన్యాసులు కారు, పరదేశాల్లో సువార్త చెప్పడానికి జీవితాంతం కట్టుబడ్డ గురువులు. అంటే మన తాతలకు విశ్వాసం అందించింది ఊళ్లు తిరిగే మనుషులు. బోధన, బడి, మందులు, కరువొస్తే గింజలు, ఇవన్నీ ఒక్క మనిషి చేతి మీదుగా వచ్చాయి. మా అక్క తలలో 'ఫాదర్' అన్న మాటకు ఆ బొమ్మే ఉంది. అది మన చరిత్ర ఇచ్చిన బొమ్మ. అందులో తప్పేమీ లేదు.

ఆ బొమ్మ నేనూ దగ్గర్నుంచి చూశాను. చిన్నప్పుడు ఆదివారాలు మా విచారణ ఫాదర్ మోటారుసైకిల్ వెనక కూర్చొని ఊళ్లకు వెళ్లేవాణ్ణి. పూజ సామాను సంచి నా ఒళ్లో ఉండేది. గిన్నె, అప్పాల (పూజలో పంచే రొట్టె) డబ్బా, చుట్ట చుట్టిన స్టోలు (ఫాదర్ మెడలో వేసుకునే పట్టీ), మైనపు వాసన. పత్తి ఏరే రోజుల్లో మూడో ఊరికి చేరేసరికి మధ్యాహ్నం అయ్యేది. ఆడవాళ్లు చేలోంచి నేరుగా వచ్చి, వేళ్లకు పత్తికాయ గీతలతోనే అప్పం అందుకునేవారు. పూజ అయ్యాక గట్టు తగాదా, పిల్ల పెళ్లి, హాస్టల్ సీటు. తిరుగు దారిలో చెట్టు కింద బండి ఆపి, సగంలో ఆగిన ప్రార్థన పుస్తకం తీసి ఫాదర్ గబగబా చదువుకునేవారు. విచారణ గురువు ప్రార్థన చాలాసార్లు అలా చెట్టు కిందే జరుగుతుంది. ఒంటరితనం కూడా ఆ జీవితంలో భాగమేనని నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది.

ఉత్తర తెలంగాణలోనే ఇంకో కథా ఉంది. మంచిర్యాల కేంద్రంగా 1999లో ఏర్పడ్డ ఆదిలాబాద్ సీరో-మలబార్ (కేరళలో వేళ్లున్న తూర్పు రీతి కథోలిక) మేత్రాసనానికి వేళ్లు అక్కడి సీఎమ్ఐ అనే మఠసభలో ఉన్నాయి. 1831లో కేరళలోని మన్నానంలో ఆ సభకు పునాది వేసిన ముగ్గురు గురువులు మొదట కోరుకున్నది ఏకాంత తపోజీవితం. మీలాంటివాళ్లు అడవి పడితే జనానికి ఎవరు నేర్పుతారని బిషప్ అడ్డుపడ్డాడు. దాంతో మఠం, బడి, బోధన కలగలిసిన సభ పుట్టింది. ఆ ముగ్గురిలో ఒకరైన చావరా కురియాకోస్‌ను 2014లో పునీతుడిగా ప్రకటించారు. చూశారా, మా అక్క ప్రశ్నే ఆ బిషప్ కూడా వేశాడు!

అలాగని మఠం మన గడ్డకు పరాయిదా? కాదు. కాకతి గణపతిదేవుడికి దీక్ష ఇచ్చిన విశ్వేశ్వర శివాచార్యుడు గోళకీ మఠం అనే శైవ మఠం వాడు. రుద్రమదేవి కాలపు మల్కాపురం శాసనం (1261) ఆ మఠం కింద నడిచిన ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రం గురించి చెబుతుంది. సువార్త చేరకముందే దేవుడు ప్రాచీన సంస్కృతుల్లో నాటిన తపస్సు, ధ్యానాల బీజాలను క్రైస్తవ మఠజీవితంలోకి ఎలా తీసుకోవచ్చో ఆలోచించమని రెండో వాటికన్ మహాసభ 1965లో ప్రేషిత సేవ (మిషన్ పని) మీద వెలువరించిన పత్రంలో అడిగింది. కేరళ వాగమన్ కొండల్లో 1958లో మొదలైన కురిసుమల ఆశ్రమంలో కాషాయం కట్టిన సన్యాసులు ఆవులు మేపుకుంటూ మలంకర అనే తూర్పు క్రైస్తవ రీతిలో ఆరాధన చేస్తారు. 1998లో అది ట్రాపిస్టు సభలో చేరింది. బెంగళూరు దగ్గర బెనెడిక్టైన్ల మఠం ఆశీర్వనం ఉంది. మా వాడు ఉత్తరం రాసింది అక్కడికే.

ఈ విషయంలో నా మనసులో ఒక ముల్లు ఉంది. చాలా ఏళ్ల కింద ఒక పిలుపు శిబిరంలో (గురువులు, మఠవాసులు కావాలనుకునే పిల్లలకు పెట్టేది) ఒక కుర్రాడు ధ్యానమఠాల గురించి అడిగితే, ఇక్కడ ఊళ్లకు గురువులు చాలక మేము చస్తుంటే మూలన కూర్చొని జపం చేస్తావా అని అందరి ముందు కసిరారు. ఆ పిల్లవాడు మళ్లీ నోరెత్తలేదు. 1983 నాటి శ్రీసభ చట్టం 674వ నిబంధన దీనికి నేరుగా జవాబు చెబుతుంది. సేవ అవసరం ఎంత తొందరదైనా, పూర్తిగా ధ్యానానికే అంకితమైన సభలవారిని విచారణ పనులకు పిలవకూడదు. అవసరం ఉందన్నది వాళ్లను కదిలించడానికి కారణం కాదని చట్టమే అంటోంది. పదిహేనేళ్లకు కార్మెల్ మఠంలో చేరి, ఇరవై నాలుగేళ్లకు అక్కడే కన్నుమూసిన చిన్న తెరేసమ్మను 1927లో ప్రేషిత సేవకు పాలక పునీతురాలిగా ప్రకటించారు. ఆమె ఏ మిషన్ దేశంలోనూ అడుగు పెట్టలేదు.

అటు వైపు చూస్తే, విచారణ గురువుల పాలక పునీతుడైన జాన్ వియాన్నీ ఫ్రాన్సులోని ఆర్స్ ఊరు వదిలి ఏకాంతంలోకి వెళ్లిపోవాలని పలుమార్లు ప్రయత్నించాడు. 1853లో రాత్రిపూట బయల్దేరితే జనం అడ్డుపడి వెనక్కి తెచ్చారు. 1859లో అదే ఊళ్లో చనిపోయాడు. మఠం మీద కోరిక కలిగినంత మాత్రాన అది మఠానికి పిలుపు అయిపోదు. ఇది మా వాడికి రెండుసార్లు చెప్పాను. అలిసిపోయిన మనసుకూ మౌనం తియ్యగా ఉంటుంది. మనసు ఎండిపోయి ఉన్నప్పుడు పాత నిర్ణయం మార్చుకోవద్దని యేసు సభ స్థాపించిన లొయోలా ఇన్యాసివారు పదహారో శతాబ్దంలో రాసిన నియమం ఇందుకే.

నాకు తోచింది ఇది. వాడు అడుగుతున్నది ఒక ప్రశ్న కాదు, రెండు. గురుత్వానికి పిలుపు ఉందా అన్నది ఒకటి. మఠానికి పిలుపు ఉందా అన్నది ఇంకొకటి. మొదటిది లేకుండా రెండోది ఉండొచ్చు. కాజీపేట సెయింట్ గాబ్రియేల్ బడిలో చదివినవాళ్లకు బ్రదర్లంటే తెలుసు. గురుపట్టం లేకుండానే జీవితమంతా వ్రతాల్లో గడిపే మనుషులు వాళ్లు. అయినా ఊళ్లో జనం "ఫాదర్ ఎప్పుడైతరు?" అని వాళ్లను అడుగుతూనే ఉంటారు, అదేదో ప్రమోషన్ ఆగిపోయినట్టు.

తొందరేమీ లేదు. గురుపట్టానికి ఇరవై అయిదేళ్లు నిండాలి, తత్వశాస్త్రం, దైవశాస్త్రం కలిపి కనీసం ఆరేళ్లు చదవాలి. మఠంలో అయితే నోవిషియేట్ (తొలి శిక్షణ) కనీసం పన్నెండు నెలలు, ఆపైన తాత్కాలిక వ్రతాలు కనీసం మూడేళ్లు. ఎక్కడైనా మధ్యలో వెనక్కి రావచ్చు. వచ్చినవాణ్ణి చెడిపోయి వచ్చినవాడిలా చూడటం మాత్రం మనం మానుకోవాలి.

ఆశీర్వనం నుంచి జవాబు వచ్చింది. వచ్చి రెండు వారాలు ఉండి చూడమన్నారు. అక్క వాడి సంచిలో సకినాలు సర్దుతూ, "ఆడ నువ్వు పూజ చెప్తవా, చెప్పవా? గదొక్కటి అడిగి రా" అంది. అడిగి వస్తానన్నాడు.