కొంచెం తింటే ఏమవుతుంది అని అడిగిన పిల్లలకి

పిల్లలూ,

మీ అక్కకి సీలియాక్, అంటే గోధుమ తింటే పేగు దెబ్బతినే జబ్బు, అని తేలిన దగ్గర్నుంచి ఫోన్ చేసినప్పుడల్లా మీరు నన్ను ఒకటే ప్రశ్నలు. ఫోన్లో చెబితే సగం విని "సరే అమ్మమ్మా, ఉంటాను" అని పెట్టేస్తారు కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మీ ఫ్రెండ్స్‌కి కూడా చదివి వినిపించండి, వాళ్ళ క్లాసులోనూ ఇలాంటి పిల్లో పిల్లాడో ఉండొచ్చు.

ముందు ఒక పని చేయండి. మీ అమ్మ చపాతీ పిండి కలిపినప్పుడు నిమ్మకాయంత ముద్ద అడిగి తీసుకుని, గిన్నెలో నీళ్ళు పోసి, అందులో మెల్లగా పిసుకుతూ కడగండి. నీళ్ళు తెల్లబడతాయి. అవి పారబోసి మళ్ళీ పోయండి, మళ్ళీ పిసకండి, నీళ్ళు తేటగా వచ్చేదాకా అలాగే. చివరికి చేతిలో కాస్త పొట్టు అంటుకున్న చిన్న జిగట ముద్ద మిగులుతుంది. లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది, ఇంకెంత కడిగినా కరగదు. అదే గ్లూటెన్. పరోటా పొరలు సాగేదీ, బ్రెడ్ పొంగి మెత్తగా నిలబడేదీ దానివల్లే. బియ్యప్పిండితో ఇదే పని చేసి చూడండి, అంతా నీళ్ళలో కలిసిపోయి చెయ్యి ఖాళీ అవుతుంది. గ్లూటెన్ గోధుమలో ఉంటుంది, దాని చుట్టాలైన బార్లీలో, మన వైపు పెద్దగా కనపడని రై అనే ధాన్యంలో ఉంటుంది.

గ్లూటెన్ ఎవరికీ పూర్తిగా అరగదు, కానీ చాలామందికి దానివల్ల ఏ ఇబ్బందీ రాదు. సీలియాక్ ఉన్నవాళ్ళలో మాత్రం రోగాలతో పోరాడాల్సిన వ్యవస్థ ఆ అరగని ముక్కల మీద విరుచుకుపడి, ఆ ఊపులో సొంత చిన్నపేగునే దెబ్బతీస్తుంది. పేగు లోపలివైపు టర్కీ టవల్ లాగా ఉంటుంది, సన్నటి పోగులు లక్షలకొద్దీ పైకి లేచి ఉంటాయి, తిన్నదాంట్లో సారాన్ని పీల్చేది అవే. ఈ జబ్బులో ఆ పోగులు అరిగిపోయి చదునైపోతాయి. అప్పుడు ఎంత తిన్నా ఒంటికి పట్టదు. మీ అక్క నాలుగో క్లాసుకి వచ్చినా రెండో క్లాసు పిల్లలా ఉండేది, గుర్తుందా? పొట్ట మాత్రం ఉబ్బి ఉండేది, నోట్లో పుళ్ళు, ఎప్పుడూ నీరసం. రక్తం తక్కువుందని ఐరన్ టానిక్ సీసాల మీద సీసాలు తాగించారు, నులిపురుగుల మందు వేశారు, పక్కింటావిడ దిష్టి కూడా తీసింది. ఐరన్ పీల్చాల్సిన చోటే దెబ్బతింటే టానిక్ ఏం చేస్తుంది చెప్పండి. ఇంకో సంగతి, కొందరికి కడుపులో ఏ బాధా ఉండదు, పొడుగు ఎదగకపోవడమో, తగ్గని రక్తహీనతో ఒక్కటే కనిపిస్తుంది, అందుకే ఏళ్ళకి ఏళ్ళు దొరకదు.

దొరకాలంటే టీటీజీ అనే రక్తపరీక్ష చేస్తారు, తర్వాత చాలామందికి ఎండోస్కోపీ చేసి పేగులోంచి చిన్న చిన్న ముక్కలు తీసి చూస్తారు. ఇక్కడ పెద్దవాళ్ళు కూడా తెలుసుకోవాల్సిన మాట ఒకటుంది. అనుమానం రాగానే గోధుమ మానేసి తర్వాత తీరిగ్గా పరీక్షకి వెళ్తే కుదరదు, అప్పటికి పేగు కోలుకోవడం మొదలై పరీక్షలో జబ్బు దొరక్కపోవచ్చు. పరీక్షలన్నీ అయి, డాక్టరు చెప్పాకే మానాలి. మీ అక్క తమ్ముడికీ, వాళ్ళ అమ్మానాన్నలకీ కూడా రక్తం తీశారు, ఎందుకంటే ఇంట్లో ఒకరికి ఉంటే తోడబుట్టినవాళ్ళకీ కన్నవాళ్ళకీ ఉండే అవకాశం ఎక్కువ, పదిమందిలో ఒకరికి ఉండొచ్చంటారు. వాడు ఆ సూదికి చేసిన గొడవ మీకు తెలిసిందే.

దీనికి గోధుమే కారణమని కనిపెట్టిన కథ మీకు నచ్చుతుంది. నెదర్లాండ్స్‌లో విల్లెం డికే అని పిల్లల డాక్టరు ఉండేవాడు. బ్రెడ్ మానేస్తే కొందరు పిల్లలకి నయమవుతోందని ఆయనకి రెండో ప్రపంచ యుద్ధానికి ముందే అనుమానం ఉంది. 1944-45 చలికాలంలో ఆ దేశంలో ఘోరమైన కరువు వచ్చింది, బ్రెడ్ లేక జనం తులిప్ పూల దుంపలు ఉడకబెట్టుకుని తిన్నారు. ఊరంతా చిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు! మళ్ళీ బ్రెడ్ దొరకగానే మళ్ళీ జబ్బు పడ్డారు. 1950లో ఆయన దీనిమీద తన పరిశోధన గ్రంథం రాశాడు. అంతకుముందు 1920లలో అమెరికాలో సిడ్నీ హాస్ అనే డాక్టరు ఈ పిల్లలకి అరటిపండ్లు ప్రధానంగా పెట్టి, బ్రెడ్ లాంటివి ఆపేసి బాగుచేశాడు, కానీ ఆ ఘనత అరటిపండుదే అనుకున్నాడు. నయమైందని పిల్లలు మళ్ళీ బ్రెడ్ మొదలుపెట్టేవాళ్ళు.

మన దగ్గర ఇది తక్కువే. 2016లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం ఉత్తరాదిన వెయ్యిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఉంటే, దక్షిణాదిన వేలూరు దగ్గర చూసినచోట పదివేలమందిలో ఒకరికి ఉంది. జబ్బుకి దారితీసే జన్యువులు రెండుచోట్లా ఇంచుమించు అంతే ఉన్నాయి, తేడా అల్లా తిండిలోనే, వాళ్ళు రోజూ గోధుమ తింటారు, మనం అన్నం తింటాం. మరి ఇప్పుడు మనం కూడా షుగరని ఒకరు, బరువని ఒకరు రాత్రిపూట చపాతీలకి మారిపోయాం కదా, ముందు ముందు ఎలా ఉంటుందో చూడాలి. తక్కువ కాబట్టే మన ఊళ్ళలో చాలామందికి దీని పేరే తెలియదు, హోటల్లో గ్లూటెన్ అంటే "అది మేం వాడమండీ, అంతా ప్యూర్ వెజ్" అంటారు.

మందు లేదు, ఇప్పటికైతే. గోధుమ, బార్లీ జన్మంతా మానేయడమే. విన్నప్పుడు గుండె జారుతుంది కానీ మన వంటింట్లో నిలబడి ఆలోచిస్తే అంత టెన్షన్ పడాల్సిందేమీ లేదు. ఇడ్లీ, మినపట్టు, పెసరట్టు (ఉప్మా లేకుండా), గారెలు, పొంగలి, ఉప్పుడు పిండి, జొన్నరొట్టె, రాగి సంకటి, కొర్రలు, సామలు. పిండివంటల్లో అరిసెలు, సున్నుండలు, జంతికలు, చేగోడీలు, పూతరేకులు. వీటిలో ఒక్కదానికీ గోధుమ అక్కర్లేదు. పోయినవి బొబ్బట్లు, కజ్జికాయలు, కాజాలు, జిలేబీ, పూరీ, మైసూర్ బజ్జీ, సేమ్యా పాయసం, ఉస్మానియా బిస్కెట్టు. హలీమ్ కూడా, అందులో మాంసంతో పాటు గోధుమ ఉంటుంది. బాధ లేదని నేననను, కాకినాడ కాజా పోవడం చిన్న నష్టమా! అలాగని గ్లూటెన్ ఫ్రీ అని రాసిన బిస్కెట్ ప్యాకెట్ల కోసం ఎగబడక్కర్లేదు, మామూలు బిస్కెట్ల కంటే ఎంతో ఎక్కువ ధర పెట్టి కొనేది చాలావాటిలో గంజి పిండి, పంచదారే.

తిప్పలు కనపడని గోధుమతోనే. ఇంగువ సంగతి వింటే ఆశ్చర్యపోతారు. అసలు ఇంగువ ఘాటు భరించలేం కాబట్టి దాన్ని పిండితో కలిపి అమ్ముతారు, ఆ పిండి చాలా డబ్బాల్లో గోధుమపిండో మైదానో. అంటే పప్పు తాలింపు, సాంబారు, పులిహోర, ఆవకాయ కాకపోయినా ఇంగువ వేసిన ఇతర పచ్చళ్ళు, అన్నీ అనుమానమే. బియ్యప్పిండి కలిపిన ఇంగువ దొరుకుతుంది, మీ అత్త అదే తెస్తోంది. పాలలో కలుపుకునే మాల్ట్ పొడులు బార్లీవే. సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది, అంటే ఫ్రైడ్ రైస్‌లో అన్నమే కదా అనుకుంటే దెబ్బే. హోటల్ పునుగుల పిండిలో మైదా కలుపుతారు, రవ్వ దోసె గురించి చెప్పక్కర్లేదు.

ఎంత కొంచెమైతే ప్రమాదం? రోజుకి 10 మిల్లీగ్రాముల గ్లూటెన్ లోపు చాలామందికి ఫరవాలేదంటారు. ఒక చపాతీలో రెండు గ్రాములపైనే ఉంటుంది. అంటే చపాతీని రెండొందల ముక్కలు చేస్తే, అందులో ఒక్క ముక్కతోనే ఆ రోజు లెక్క అయిపోయినట్టు. గ్లూటెన్ ఫ్రీ అని ప్యాకెట్ మీద రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశంలోనూ నిబంధన ఉంది. ఇప్పుడు మన వంటిల్లు గుర్తుచేసుకోండి. చపాతీ పీట, అప్పడాల కర్ర చెక్కవి, పగుళ్ళలో పిండి ఇరుక్కుంటుంది. జల్లెడ రంధ్రాల్లో ఎంత కడిగినా పోదు. పూరీలు వేయించిన నూనెలో గారెలు వేస్తే ఆ గారెలు పనికిరావు. పిండిమరలో ముందు ఎవరో గోధుమలు ఆడించుకుని వెళ్ళాక మన జొన్నలు పోస్తే, మొదట వచ్చే పిండి సగం వాళ్ళదే. అందుకే మీ అక్క జొన్నలు ఇంట్లో మిక్సీలో పట్టి, వేరే జల్లెడతో జల్లించి, మూత మీద ఎర్ర దారం కట్టిన డబ్బాలో పోస్తారు.

ముట్టుకుంటే ఏమీ కాదు, పొట్టలోకి పోతేనే. పుస్తకాలకి అట్టలు వేసేటప్పుడు మైదా జిగురు పట్టుకున్నా చేతులు శుభ్రంగా కడుక్కుంటే చాలు. అంటుకునే జబ్బు కాదు, పక్కన కూర్చుంటే రాదు. మీలో చిన్నోడు అడిగాడుగా, "ఒక్కటి తింటే చచ్చిపోతుందా" అని. లేదురా. వేరుశనగ పడని కొందరికి వచ్చినట్టు అప్పటికప్పుడు ఊపిరాడకపోవడం లాంటిది ఇందులో ఉండదు. ఒకరికి రెండు మూడు గంటల్లో వాంతులవుతాయి, ఒకరికి పైకి ఏమీ తెలియదు, కానీ లోపల పేగుకి దెబ్బ తగులుతూనే ఉంటుంది. "నిన్న తిన్నావుగా, ఏమీ కాలేదుగా" అనే మాట అందుకే చెల్లదు.

నన్నడిగితే ఈ జబ్బులో అసలు కష్టం వడ్డించే చేతులతోనే. మనవాళ్ళకి ప్రేమ అంటే విస్తట్లో పెట్టడం, వద్దంటే మొహమాటం అనుకుని ఇంకో గరిటె వేస్తారు. దీనికి మీ అక్క కనిపెట్టిన ఉపాయం నాకు భలే నచ్చింది. ఈమధ్య ఒకరింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాం. ప్రసాదం రవ్వతో చేసిందే, నెయ్యి కారుతూ, జీడిపప్పు పైకి తేలి, దూరం నుంచే వాసన. ఆవిడ ఆకులో పెట్టి ఇచ్చింది. ఇది రెండు చేతులా తీసుకుని కళ్ళకద్దుకుని నా ఆకులో వేసేసి, చేతులు కడుక్కొచ్చి, "పిన్నీ, నాకు గోధుమ పడదు, డాక్టరు బొత్తిగా వద్దన్నారు. ఆ అరటిపండు, కొబ్బరి ముక్క ఇస్తారా?" అంది. ఆవిడ మొహం విప్పారింది, ఒకటికి మూడు పండ్లు ఇచ్చింది. వట్టినే వద్దంటే నొచ్చుకునే మనిషి, ఇంకోటి అడిగితే సంతోషంగా పెడుతుంది. అన్నవరం వెళ్ళినా ఇంతే, అక్కడి ప్రసాదమూ గోధుమ నూకదే, కళ్ళకద్దుకోవడానికి ఏ అడ్డూ లేదు.

మీ వంతు ఏమిటంటే, పెళ్ళిళ్ళలో బఫే దగ్గర మీ అక్కని అందరికంటే ముందు పంపించండి, తర్వాతైతే పూరీ పట్టుకున్న గరిటెలు కూరల్లోకి వచ్చేస్తాయి. స్కూల్లో దాని టిఫిన్ బాక్సులోకి మీ స్పూన్ పెట్టకండి. దానిముందు "పాపం" అనకండి, దానికి ఒళ్ళు మండుతుంది. వాళ్ళ క్లాసులో పుట్టినరోజు కేకు కోసినప్పుడు తినడానికని అది బ్యాగులో సున్నుండలు పెట్టుకుంటుంది, అందరూ కేకు వదిలి అవే అడుగుతున్నారట.

విదేశాల్లో ఉన్న పిల్లలు ఒకటి గమనించండి. అమెరికాలో ప్యాకెట్ మీద గోధుమ ఉంటే అలర్జీల కింద చెప్పి తీరాలి కానీ బార్లీకి ఆ నియమం లేదు, కాబట్టి మాల్ట్ అనే మాట కనిపిస్తుందేమో మీరే వెతుక్కోవాలి.

మీ అక్క గోధుమ మానేసి ఏడాది దాటింది. టీటీజీ బాగా దిగింది, బట్టలు పొట్టివైపోతున్నాయని వాళ్ళమ్మ సంతోషంగా విసుక్కుంటోంది. ఈసారి సెలవులకి వచ్చేటప్పుడు దారిలో బేకరీ పఫ్‌లు కొనుక్కుంటే అరుగు మీదే తినేసి, బట్టలు దులుపుకుని, చేతులు కడుక్కుని లోపలికి రండి.

మీ అమ్మమ్మ

తా.క. ఓట్స్ సంగతి పెద్దది అడిగింది. మామూలు ఓట్స్‌లో పొలంలోనో మిల్లులోనో గోధుమ కలిసిపోతుంది, గ్లూటెన్ ఫ్రీ అని రాసినవి కూడా కొద్దిమందికి పడవు, డాక్టర్ని అడిగాకే తినాలి. అయినా ఉప్పుడు పిండి ఉండగా ఆ ఓట్స్ మీద మోజేంటో నాకర్థం కాదు.