చిప్ పేరు చిప్‌నే అడగాలి

"రౌటర్‌లోని ఫ్లాష్ చిప్ ఏ కంపెనీదో, ఎన్ని ఎంబీలో లినక్స్‌కి ఎలా తెలుస్తుంది? అన్నీ డివైస్ ట్రీ ఫైల్లో రాసి ఉంటాయా?" అని ఒక పాఠకుడు అడిగారు. ఫ్లాష్ అంటే కరెంటు పోయినా డేటా నిలిచి ఉండే చిప్. డివైస్ ట్రీ అంటే బోర్డు మీద ఏమేం ఉన్నాయో లినక్స్‌కి చెప్పే వివరాల ఫైల్. అందులో కొన్నే ఉంటాయి. మిగతావి చిప్పే చెబుతుంది.

యూఎస్‌బీ పరికరం గుచ్చగానే తానెవరో చెప్పుకుంటుంది. ప్రాసెసర్‌ని ఇలాంటి చిన్న చిప్‌లతో కలిపే ఎస్‌పీఐ తీగల మీద ఆ మర్యాద లేదు. అవతల ఉన్నది ఫ్లాషో, ఉష్ణోగ్రత కొలిచే సెన్సరో ప్రాసెసర్‌కి తెలియదు. అందుకే ఫైల్లో 'జెడెక్, ఎస్‌పీఐ-నార్' అని రాస్తాం. జెడెక్ చిప్‌ల ప్రమాణాలు రాసే సంస్థ, నార్ ఒక రకం ఫ్లాష్. ఇక్కడున్నది ఫ్లాషే, ధైర్యంగా అడగొచ్చు అని దాని భావం.

లినక్స్ అప్పుడు 'నువ్వెవరు' అని అడిగే 9ఎఫ్ అనే ఒక్క బైటు పంపుతుంది. చిప్ మూడు బైట్లు తిరిగిస్తుంది, ఉదాహరణకి ఈఎఫ్, 40, 18. ఈఎఫ్ అంటే విన్‌బాండ్ అనే కంపెనీ. 40 అంటే రకం. 18 పరిమాణం, కానీ 18 ఎంబీ కాదు! ఈ బైట్లన్నీ హెక్సాలో, అంటే పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో రాసినవి. అందులో 18 అంటే మన లెక్కలో 24. రెండుకి 24వ ఘాతం కడితే 1,67,77,216 బైట్లు, అంటే సరిగ్గా 16 ఎంబీ. 17 వస్తే 8 ఎంబీ, 19 వస్తే 32. బడిలో ఘాతాంకాలు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంటుంది? అన్ని కంపెనీలూ ఈ పద్ధతి పాటించవు కాబట్టి లినక్స్ ఈ లెక్కని నమ్ముకోకుండా ఆ మూడు బైట్లని తన దగ్గరున్న చిప్‌ల పట్టికలో వెతుకుతుంది.

చాలామంది ఏ చిప్ ఉన్నా ఫైల్లో 'ఎం25పీ80' అని అర్థం తెలియని మంత్రంలా రాసేవారు. అది నిజానికి 1 ఎంబీ చిప్ పేరు. లినక్స్ ఏం చేసేదంటే, "ఇది అనుకున్నాను, అది దొరికింది" అని తన సందేశాల చిట్టా అయిన లాగ్‌లో ఒక ముక్క రాసి, ఫైల్‌ని పక్కనపెట్టి చిప్ మాటే నమ్మేది.

చిప్‌కి తెలియనివి వేరే ఉన్నాయి. తనని ఏ తీగకి కలిపారు, బోర్డు మీది గీతలు ఎంత వేగం తట్టుకుంటాయి, లినక్స్‌ని మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్ అయిన బూట్‌లోడర్ ఏ భాగంలో ఉంది, వైఫై రేడియోని సరిచేసే క్యాలిబ్రేషన్ విలువలు ఎక్కడున్నాయి లాంటివి. ఆ విలువలు ఫ్యాక్టరీలో ఒక్కో రౌటర్‌కీ విడిగా కొలిచి రాసినవి, చెరిగితే ఇంకెక్కడా దొరకవు. అందుకే ఆ భాగానికి 'రీడ్-ఓన్లీ' (చదవడమే, రాయడం కుదరదు) తగిలిస్తారు.

చిప్‌లో ఏ చోటు చదవాలో ప్రాసెసర్ చిరునామాగా పంపుతుంది. 16 ఎంబీ దాటితే మూడు బైట్ల చిరునామా చాలదు. కొన్ని చిప్‌లని నాలుగు బైట్ల మోడ్‌లోకి మార్చాలి. రీసెట్ తీగ లేని బోర్డు రీబూట్ అయితే ప్రాసెసర్ మొదటికొస్తుంది, చిప్ మాత్రం నాలుగులోనే ఉండిపోతుంది. ప్రాసెసర్ మూడు పంపి ఊరుకుంటుంది, చిప్ నాలుగోదాని కోసం ఎదురుచూస్తుంది. ఇక బోర్డు లేవదు. ఇలాంటి బోర్డులకి 'బ్రోకెన్-ఫ్లాష్-రీసెట్' అని ఫైల్లో రాస్తారు. దాంతో లినక్స్ ఆగిపోయే ముందు చిప్‌ని మళ్లీ మూడుకి తిప్పుతుంది. అయితే లినక్స్ అసలు భాగమైన కెర్నల్ హఠాత్తుగా కుప్పకూలితే ఆ వ్యవధి ఉండదు. కోలుకోకపోవచ్చని లినక్సే లాగ్‌లో ముందుగా హెచ్చరిస్తుంది.