పోప్ పొరపడడన్న మాట: అపోహలు - వాస్తవాలు

మధ్యయుగ చర్చి చరిత్రను బోధించే నాకు ఏటా ఎదురయ్యే అపోహ ఒకటుంది. పోప్ పొరపడడనే సిద్ధాంతాన్ని అధికారదాహంతో పోప్‌లే పుట్టించారని, పేదరికాన్ని వ్రతంగా పట్టిన ఫ్రాన్సిస్కన్లు అనే క్యాథలిక్ సన్యాసులు దాన్ని ఎదిరించారని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకంతో 14వ శతాబ్దపు పత్రాలు తెరిస్తే ప్రతి వాదమూ తలకిందులుగానే కనిపిస్తుంది.

ఫ్రాన్సిస్కన్లు తమకంటూ ఆస్తి లేదనీ, తాము వాడుకునేవాటిపై యాజమాన్యం పోప్‌దేననీ చెప్పుకొనేవారు. ఈ జీవనవిధానం క్రీస్తు చూపినదేనని పోప్ మూడవ నికొలస్ 1279లో శాసనం వెలువరించాడు. రేపు వచ్చే పోప్ దాన్ని రద్దు చేయకుండా ఉండాలంటే, విశ్వాస విషయంలో ఒక పోప్ చేసిన నిర్ణయానికి తిరుగులేదని వాదించవలసిన అవసరం ఈ సన్యాసులకే కలిగింది. పోప్ పొరపడగలడా అన్న ప్రశ్నను తొలినాళ్లలోనే సూటిగా చర్చించిన పీటర్ ఒలివి ఫ్రాన్సిస్కనే.

వారి భయం నిజమైంది. పోప్ ఇరవై రెండవ జాన్ 1322లో ఆ యాజమాన్యాన్ని చాలావరకు వదులుకున్నాడు. క్రీస్తుకూ ఆయన శిష్యులైన అపొస్తలులకూ విడిగా గానీ ఉమ్మడిగా గానీ ఆస్తి ఏమీ లేదని పట్టుబట్టి వాదించడం మతవిరోధమని 1323 నవంబరులో ప్రకటించాడు. పాత శాసనాన్ని మార్చే హక్కు పోప్‌కు లేదన్న ప్రత్యర్థుల వాదాన్ని 1324లో తోసిపుచ్చాడు. తాత వీలునామాకు తిరుగులేదంటే మనవడి అధికారం పెరగదు, తరుగుతుంది. న్యాయశాస్త్రంలో ఆరితేరిన జాన్‌కు అది తెలియదా?

క్యాథలిక్ కుటుంబం నుంచి వచ్చిన ఒక విద్యార్థిని, ఇదంతా చదివితే తన విశ్వాసం ఏమవుతుందోనని తరగతి అయ్యాక నన్ను అడిగింది. సిద్ధాంతం ఏ తగాదాల నడుమ రూపుదిద్దుకుందో చరిత్ర చెబుతుందని, అది సత్యమా కాదా అన్నది తేల్చడం మా పని కాదని చెప్పాను. ఆ సిద్ధాంతాన్ని చర్చి అధికారికంగా నిర్వచించింది 1870లో, అదీ కచ్చితమైన పరిమితులతో. పోప్ ఆడిన ప్రతి మాటకూ అది వర్తిస్తుందన్న ప్రచారానికి ఆధారం లేదు.

ఫ్రాన్సిస్కన్లందరూ తిరగబడ్డారన్నదీ నిజం కాదు. ఫ్రాన్సిస్కన్ సభకు అధిపతి అయిన మైకేల్ ఆఫ్ చెజేనా, ఆ సభకే చెందిన తత్త్వవేత్త విలియం ఆఫ్ ఓకమ్ 1328లో అప్పటి పోప్ నివాసమైన అవిన్యోన్ నుంచి పారిపోయారు గానీ, సభలో అత్యధికులు పోప్‌కు లోబడి మరుసటి ఏడు వేరొకరిని అధిపతిగా ఎన్నుకున్నారు.

ఓకమ్‌ను సజీవదహనం చేశారన్నది వట్టి పుకారు. ఆయన పోప్ జాన్‌కు ప్రత్యర్థి అయిన పవిత్ర రోమన్ చక్రవర్తి లూయీ అండన మ్యూనిక్‌లో బతికాడు. 1318లో మార్సెయ్‌లో దహనశిక్షకు గురైన నలుగురు సన్యాసులు వేరు. పేదరికానికి గుర్తుగా వేసుకునే పొట్టి అంగీలు మాని, ధాన్యం నిల్వచేసుకోవడాన్ని ఒప్పుకొమ్మన్న జాన్ ఆజ్ఞకు వారు తలవంచలేదు.