రవివర్మ బొమ్మకి కోట్లు, మా పిన్ని పటానికి ఎంత?

చిత్రకారుడు రాజా రవివర్మ బొమ్మల వేలం ధరల మీద మళ్ళీ గొడవ మొదలైంది కాబట్టి తొందర తొందరగా రాస్తున్నా. క్యాలెండర్ బొమ్మలకి ఇన్ని కోట్లేంటి అని ఒకళ్ళు, మా ఇంట్లోనూ ఒకటుంది ఎంతొస్తుంది అని ఇంకొకళ్ళు. 2022లో ద్రౌపదీ వస్త్రాపహరణం 21 కోట్లు దాటింది, మరుసటేడు యశోదా కృష్ణుల పెయింటింగ్ 38 కోట్లకి పోయింది, అప్పట్నుంచి వేలం వార్త వస్తే చాలు ఇదే తంతు. మా పిన్నయితే తెనాలిలో పూజగదిలోంచి సరస్వతి పటం దింపి, దుమ్ము తుడిచి, ఫోటో తీసి పంపింది.

కేరళలో పుట్టిన ఊరు కిలిమానూరు, చిన్నప్పుడు గోడల మీద గీసిన బొగ్గు గీతలు, అవి చూసి మేనమామ మురిసిపోవడం, ఇవన్నీ అందరూ విన్నవే, వదిలేద్దాం. నేర్చుకోవడం గురించి మాత్రం చెప్పాలి, తెల్లవాళ్ళ దగ్గర కాపీ కొట్టాడు అనేవాళ్ళు దాన్నే పట్టుకుంటారు కాబట్టి. తిరువనంతపురం కొలువులో ఆయిల్ రంగుల పని తెలిసిన రామస్వామి నాయుడు (పేరు చూసి మనవాడే అని సంబరపడకండి) నేర్పనన్నాడు. ఆయన శిష్యుడు ఆర్ముగం పిళ్ళై రాత్రిళ్ళు దొంగచాటుగా వచ్చి కొంత చూపించాడంటారు. 1868లో థియోడర్ జెన్సన్ అనే తెల్ల పోర్ట్రెయిట్ పెయింటర్ వస్తే ఆయనా పాఠం చెప్పలేదు, పనిచేస్తుంటే పక్కన నిలబడి చూడనిచ్చాడు, అంతే. ఏ రంగు మీద ఏ రంగు పడుతోందో కళ్ళతో పట్టుకుని, తర్వాత సొంతంగా గీసి చెడగొట్టుకుని మళ్ళీ గీసుకోవడమే. ఐదేళ్ళకి, 1873లో, మద్రాస్ ఎగ్జిబిషన్‌లో జడలో పూలు తురుముకుంటున్న నాయర్ స్త్రీ బొమ్మకి గోల్డ్ మెడల్. దీన్ని కాపీ అనేవాళ్ళకి ఓ దండం.

ఇప్పటి గొడవకి అసలు మూలం మెడల్ కాదు, ప్రెస్సు. బరోడా మహారాజు శాయాజీరావు కోసం 14 పురాణ చిత్రాలు వేస్తే అవి దర్బారు గోడలకెళ్ళాయి, మామూలు జనానికి ఏం మిగిలింది? అంతకుముందే, బరోడా దివాన్‌గా చేసిన మాధవరావు ఉత్తరం రాశాడు, నీకున్నవి రెండు చేతులే, అడిగేవాళ్ళు వందలమంది, బొమ్మలు యూరప్ పంపి అచ్చువేయించు అని. రవివర్మ యూరప్ పంపలేదు, 1894లో బొంబాయిలో తనే ప్రెస్ పెట్టాడు, జర్మనీ నుంచి మెషీన్లు, పనివాళ్ళు. అచ్చు రాతిపలకల మీద (లిథోగ్రఫీ అంటారు), రంగుకో రాయి, అదే కాగితం ఒక్కో రాయి మీదకీ మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి, వెంట్రుకవాసి జరిగినా లక్ష్మీదేవి పెదవుల ఎరుపు బుగ్గ మీదకెళ్తుంది. చివర్లో వార్నిష్. కొన్నవాళ్ళు పటంలోని చీరకి జరీ, తళుకులు కుట్టుకునేవాళ్ళు కూడా. గుడిలోకి రానివ్వని కులాలవాళ్ళ ఇళ్ళల్లోకి కూడా దేవుడు నడిచొచ్చింది ఈ కాగితం మీదే, దాన్ని చవక అని తీసిపారేయడం నాకైతే నచ్చదు.

కళావిమర్శకుడు ఆనంద కుమారస్వామి, కలకత్తా కళాకారులు రవివర్మ బొమ్మలు చూసి ఇదంతా నాటకాల వేషాల్లా ఉంది, భారతీయత లేదు అన్నారు, అది వేరే సంగతి.

ప్రెస్ మాత్రం కలిసిరాలేదు. అప్పులు, బొంబాయిలో ప్లేగు, చివరికి లోనావ్లా దగ్గర మళవలీకి మార్చి, 1900ల మొదట్లో ఫ్రిట్జ్ ష్లైకర్ అనే జర్మన్‌కి అమ్మేశాడు, బొమ్మలు అచ్చేసుకునే హక్కులతో సహా. 1906లో రవివర్మ పోయాడు, ప్రెస్ పోలేదు, ఆయన ముట్టుకోనైనా ముట్టుకోని అచ్చులు ఆయన పేరు మీద దశాబ్దాలపాటు వస్తూనే ఉన్నాయి, 1972లో ఫ్యాక్టరీ తగలబడేదాకా. ఏది రవివర్మ, ఏది రవివర్మ ప్రెస్ అనే చిక్కంతా ఇక్కడ పడిందే. పైగా 1979 నుంచి ఆయన పెయింటింగ్స్ జాతీయ కళాసంపద, దేశం దాటించకూడదు, ఉన్న కొద్ది ఒరిజినల్స్ కోసం ఇక్కడివాళ్ళే పోటీ పడాలి, అచ్చు పటాలకి ఆ ధర ఎలా వస్తుంది?

పిన్నికి ఫోన్ చేసి భూతద్దం పెట్టి చూడమన్నా. "చుక్కలు చుక్కలుగా ఉందిరా, కింద ఇంగ్లీషులో ఏదో లోనావ్లా అనుంది" అంది. అయితే అచ్చే పిన్నీ, కోట్లు రావు అన్నా. "పోన్లే, రేపు శుక్రవారం, గోడ బోసిగా ఉంది" అని పెట్టేసింది.